వేడెక్కాక

చల్లగా ఉన్నంతసేపూ ఏ తప్పూ చెయ్యదు.
పాలకొల్లులో బుద్ధిగా బయల్దేరి
చించినాడ వంతెన ఎక్కేసరికి
దగ్గు. మళ్లీ దగ్గు.
వెనక రొయ్యపిల్లల సంచులన్నీ
ఒక్కసారే ముందుకి ఒరుగుతాయి.

ఇద్దరు మేస్త్రీలు చూశారు.
షెడ్డులో దానికి జబ్బే లేదు.
ప్లగ్గులు మార్చి, పెట్రోలు వడకట్టి
డబ్బులు పుచ్చుకున్నారు.

దిండిలో జకరయ్య బానెట్టే ఎత్తలేదు.
"ఆపకండి, ఆడనియ్యండి.
జొరం వచ్చాక కదండీ నాడి చూసేది"
అని రెండు టీలు చెప్పాడు.

గ్లాసు అడుగున పంచదార తేలేవేళకి
బండి వణికింది.
అప్పుడు లేచాడు.
ఒక్కో తీగా ఊడబీకి విన్నాడు.
ఒకటి, కుంటింది.
రెండు, కుంటింది.
మూడు...
"పీకినా తేడా రాలేదంటే
ఆడే పని ఎగ్గొట్టేది."
నాకెందుకో మా వాటాదారు పేర్రాజు గుర్తొచ్చాడు.

పంటకాలవలో గుడ్డ తడిపి
మూడో కాయిలు మీద కప్పాడు.
కాస్త ఆవిరి.
కాసేపటికి దగ్గు ఆగింది.

"లోపలెక్కడో వెంట్రుకంత బీటండి.
వేడికి విచ్చుకుంటాది,
చల్లారితే ఏమీ ఎరగనట్టు మూసుకుంటాది."

కొత్త కాయిలు అమలాపురం నించి
సాయంత్రం బస్సుకి రావాలి.
అందాకా ఆ తడిగుడ్డే
ఇంజనుకోసారి,
వెచ్చబడుతున్న సంచులకోసారి.