అక్షరానికి ఐదు సెడీలు

మంగళవారం పుట్టిన ఆడపిల్లని అక్కడ అరబా అంటారు.
మంగళవారం ఎల్మినా రేవులో పడవ కదలదు,
సముద్రాన్ని ఆ ఒక్కరోజూ దాని మానాన వదిలేస్తారు.
మనకి మంగళవారం కొత్త పని కూడదు;
అరబా బతుకులో కొత్తవన్నీ ఆ వారమే మొదలయ్యాయి.

పదకొండేళ్ళు చేపల కోల్డ్ స్టోరేజీలో తూకాలు రాసింది.
వేళ్ళు కొంకర్లు పోయే చలి. పెట్టె, బరువు, తేదీ.
తను ఎనిమిది వేస్తే
రెండు చేపపిల్లలు ఒకదాని తోక ఒకటి కరుచుకున్నట్టుండేది.
తొమ్మిదికి కాస్త బొజ్జ.
"అంకె కనబడితే చాలు, అందం ఎవడడిగాడు?"
అనేవాడు మేనేజర్ అఫుల్.
నిజమే, ఎవరూ అడగలేదు.
అడక్కుండా వచ్చేది జ్వరం. ఇదీ అంతే.

ఒక మంగళవారం సెలవు పెట్టి
మేనమామ పడవ మీద పేరు రాసింది,
గేటుకి వేయగా మిగిలిన నీలం, సగం జుట్టు రాలిన కుంచె.
వాళ్ళ ఫాంటేలో ఒక అక్షరముంది,
ఎడమవైపు తెరుచుకున్న సున్నా.
దాని నోట్లోంచి గాలి పోవాలి, నీళ్ళు పోకూడదు
అన్నంత జాగ్రత్తగా దాన్ని తిప్పింది.
ఆ రాత్రి చేతికి అంటిన రంగు కడుక్కోబుద్ధి కాలేదు.

తర్వాతి సంగతి అంత ముచ్చటగా లేదు.
ఉద్యోగం మానేసిన మొదటి నెల
రెండు పడవలు, ఒక మంగలిషాపు బోర్డు.
ఇష్టాన్ని కిలోల్లో తూచలేక
అక్షరానికి ఐదు సెడీలని ధర కట్టింది.
ఎగ్యా ఎసుమాన్ వచ్చి
"ఓపికగా కోస్తే చీమకూ పేగులు కనిపిస్తాయి"
అని రాయమన్నాడు, వాళ్ళ తాతల నాటి సామెత.
లెక్క విని గతుక్కుమన్నాడు.
"పేగులు తీసేస్తే ఎంతవుతుంది?"
"పేగులు తీస్తే చీమ బతకదు పెద్దాయనా."
బేరం తెగి తెగి
చివరికి పడవ మీద మిగిలిన మాట: ఓపికగా.
చివర ఒక బుల్లి చీమని మాత్రం
ఊరికే వేసి ఇచ్చింది.

ఇష్టమైన పనిలో కూడా సోమవారాలుంటాయి.
ఫుట్‌బాల్ క్లబ్బు ముద్రని పద్నాలుగోసారి వేస్తూ
కోల్డ్ స్టోరేజీ చలిని తలుచుకుని నిట్టూర్చిన రోజుంది.
నెల తిరిగేసరికి జీతమొచ్చేది, అది చిన్న విషయమా?
వాన కురిస్తే రంగు ఆరదు,
రంగు ఆరకపోతే కుండ ఉడకదు.

ఇక ఉప్పు.
ఏడాదిన్నరకి మించి ఏ అక్షరాన్నీ బతకనివ్వదు.
మొదటిసారి మేనమామ పడవ మీద తన సున్నా
పెచ్చులు పెచ్చులుగా ఊడటం చూసి ఏడ్చింది.
రెండోసారి పడవ చుట్టూ తిరిగి
ఎన్ని అక్షరాలు పోయాయో లెక్కపెట్టుకుంది.
ఉప్పు ఆమె రాతని తింటుంది,
ఆమె ఆ ఉప్పు తిని బతుకుతుంది.
ఎవరు ఎవరికి రుణపడ్డారో
ఆ ఇద్దరూ ఎప్పుడూ తేల్చుకోలేదు.

మొన్న చేపలు కొనడానికి పాత చోటికే వెళ్ళింది.
కౌంటర్లో ఎవరో కొత్త కుర్రాడు, ముక్కు ఎగబీలుస్తూ
రసీదు చింపి ఇచ్చాడు. ఎనిమిది కిలోలు.
రెండు చేపపిల్లలు, తోకలు కరుచుకుని.
"ఎవరు నేర్పారు?" అంది.
"పాత తూకం పుస్తకాల్లో ఉంది" అన్నాడు,
"మేనేజర్ తిడతాడనుకోండి."

రసీదు మడిచి కుంచెల డబ్బాలో పెట్టుకుంది.
రేపు మంగళవారం.