దేశమ్మత్త నాలుక

వ్యవసాయాఫీసు వాళ్ళ మీటరు కంటే ముందు
మా దేశమ్మత్త నాలుకకి తెలుస్తుంది.
బోరు నీళ్ళు దోసిట్లో పట్టి
నోట్లో తిప్పి ఉమ్మేసి
"రసం" అనేది కొన్నాళ్ళు.
"ఊరగాయ" అనేది ఇంకొన్నాళ్ళు.
ఆ వేసవి ఏమీ అనలేదు.
కొంగుతో మూతి తుడుచుకుని
మోటారు కట్టేసింది.

మీంజూరు దాటి కాట్టూరు దారిలో
ఎకరం ముప్పాతిక మాది.
నేను కాపురానికొచ్చిన కొత్తలో
రాత్రంతా లారీలే.
మద్రాసుకి మా నీళ్ళు.
ట్యాంకరుకొక బొగ్గు గీత
మామ గోడ మీద గీసేవాడు.
నా మెడలో గొలుసు, పిల్లాడి ఫీజు,
ఈ సిమెంటు అరుగు, అన్నీ ఆ గీతలే.
వరి కంటే నీళ్ళే బాగా పండిన ఏళ్ళవి.

కింద ఇల్లు ఖాళీ అయితే
ఎవరో ఒకరు దిగుతారుగా.
సముద్రం దిగింది.
అడ్వాన్సు ఇవ్వలేదు,
ఎప్పుడు ఖాళీ చేస్తుందో చెప్పలేదు.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు.
నీళ్ళమ్ముకున్నవాడు ఏం తినాలో
ఆ సామెత చెప్పదు.

మొదటేడు నారు కొసలు మాడాయి
అట్లకాడ తగిలినట్టు.
రెండో ఏడు మడి తెల్లగా పేరింది.
మా చిన్నది వేలితో అద్ది నాకి
మామిడికాయ ముక్క అడిగింది.

లోతు బోరుకి మూత బిగించాం.
పల్లపు మూల రెండు సెంట్లు తవ్వి వానగుంట చేశాం,
ఆ రెండు సెంట్ల కోసం మామ మూడ్రోజులు మాట్లాడలేదు.
జీలుగ చల్లి, పూత రాకముందే కలియదున్నాం.
"మొదటి వానలు మనవి కావు, మట్టివి" అంది అత్త.
నిలబెట్టి, కడిగి, వదిలేశాం
ముందు మూడు వానల్నీ.
మామ గీతల కిందే
ఇప్పుడు నేను వానలు గీస్తున్నాను.

విత్తనం పులికాట్ గట్టున చెంచులయ్యది.
ఎర్ర గింజ, మొరటు ముల్లు,
పోటు నీళ్ళు మోకాలికొచ్చినా పడిపోని రకం.
కుంచానికి కుంచంన్నర తిరిగివ్వాలి.

ఆ పక్క ఫ్యాక్టరీలో
సముద్రంలోంచి ఉప్పు తీసేసి
గొట్టంలో నగరానికి పంపుతారు.
మా గట్టు వెంబడే పోతుంది ఆ గొట్టం.
చెవి ఆనిస్తే వినబడుతుంది,
తీపి నీళ్ళు,
ఒక్క చుక్క ఆగకుండా.

పదకొండు బస్తాలు.
ఒకప్పటి దాంట్లో సగం కూడా లేదు.
కొత్త బియ్యం వార్చిన రోజు
అందరం అత్త మూతి వంకే చూశాం.
మొదటి ముద్ద
బోరు నీళ్ళని తిప్పినట్టే తిప్పింది.

"ఉప్పు చాల్లేదే" అంది,
చెయ్యి చాపి.