వాపసు గడి

ఆ మంగళవారం అడిగినవి నాలుగు సంచులు, వాడింది ఒకటి.
మూడు చలిపెట్టెలోంచి కదలకుండానే
లిఫ్టు దిగి నా బల్ల మీదికి వెనక్కొచ్చాయి.

పెరంబూరులో ఈ బ్లడ్ బ్యాంకులో చేరిన కొత్తలో
రిజిస్టర్లో ‘వాపసు’ గడి ఖాళీగా ఉండేది.
తుంటి ఆపరేషనంటే గూడూరు బండిలో
సగం వీధి దిగేది, చొక్కా చేతులు మడుచుకుంటూ.
ఇప్పుడు మత్తు డాక్టరు కుముదవల్లి
కోతకు ముందే ఒక గాజుబుడ్డి మెడ విరుస్తుంది.
రంగు లేదు, వాసన లేదు,
ధర నా మధ్యాహ్నం భోజనమంత ఉండదు.

పెంచలయ్యకు ఆమె చెబుతుంటే
పక్కన నిలబడి తమిళాన్ని తెలుగు చేశాను:
“ఒంట్లో కట్టే చెయ్యొకటి, విప్పే చెయ్యొకటి.
ఈ మందు విప్పే చేతిని కాసేపు పట్టుకుంటుంది.
విప్పాల్సిన ముడి కాల్లో ఉంటే
అదీ ఉండిపోవచ్చు. అరుదు. అయినా చెప్పాలి.”

వెంకటగిరి మగ్గం మనిషి, నవ్వాడు.
“తెగిన పోగుకు ముడెయ్యకపోతే చీర లేదు.
ముడి లావైతే అచ్చులో ఇరుక్కుంటది.
యాభై ఏళ్లుగా నా గోల అదే గదమ్మా.”
ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాడు.

ఐదో రోజు ఎడమ పిక్క వాచింది.
ఇప్పుడు రక్తం పలచబడే సూది,
పొద్దునా రాత్రీ, పొట్ట మీద.

“ఆ మందు వల్లేనా?” కూతురు సుగుణ అడిగింది.
కుముదవల్లి కళ్లు దించుకోలేదు.
“ఎముక కోస్తేనే రావచ్చు. మంచాన పడితే రావచ్చు.
మందు వల్లా కావచ్చు, కాదని చెప్పను.
వేలమందిని లెక్కేస్తే తేడా కనపడలేదు.
మీ నాన్న ఒక్కడే కదా.”
నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.
వాపసు గడిలో మూడు అని రాశాను సరే,
వాచిన పిక్కకు నా రిజిస్టర్లో గడి లేదు.

నిన్న వాకర్ టకటకలాడిస్తూ
నా తలుపు దాకా వచ్చాడు పెంచలయ్య.
“నాకని తెచ్చినవి ఏం చేశారు?”
“ఒకటి ఆ రాత్రే ప్రసూతి వార్డుకెళ్లింది.
ఒకటి లారీ గుద్దిన కుర్రాడికి.
ఒకటుంది, గడువు పద్దెనిమిదో తేదీ.”

ఫ్రిజ్ అద్దంలోంచి చాలాసేపు చూశాడు,
వంగి పిక్క నిమురుకున్నాడు.
“ఆ బాలింత బాగుందా?”

తెలీదన్నాను.
సంచి వెళ్లాక మాకు కబురు రాదు.