కింది వాటా

సెతూబల్‌లో, బాస్కెట్‌బాల్ ఆడే హాల్లో
టీకాల వరుస.
దెయోలిందా పేరుంది. ఎనభై మూడేళ్ళు.
నా పేరు ఏ జాబితాలోనూ లేదు.

"ఈమెకి మీరేమవుతారు?" అంది నర్సు.
కింది వాటాలో ఉంటానన్నాను.
సూప్ తాగించేది నేనే, రాత్రి మూడింటికి
చెప్పులు చేత పట్టుకుని రేవుకి బయల్దేరితే
మెట్ల మీద ఆపేదీ నేనే.
అది రాసుకునే గడి లేదు కాగితంలో.

సూది చూసి చెయ్యి ముడుచుకుంది దెయోలిందా.
"ఎవరిదీ పెళ్ళి?" అయిదోసారి.
మాస్కు వెనక నా ముఖం ఆమెకి అందలేదు.
కిందికి లాగాను, ఒక్క క్షణం.
అప్పుడు వంగి, మోచేతి పైదాకా మడిచింది
నా చొక్కా చెయ్యి.

నలభై ఏళ్ళు సార్డీన్ డబ్బాలు లెక్కపెట్టిన మనిషి.
కూతురి పేరు పోయింది గానీ లెక్క పోలేదు.
"ఒకటి తక్కువుంది" అంది మేస్త్రీ గొంతుతో,
"పెట్టె మూత వెయ్యొద్దు."

నర్సు ఎవర్నో అడగడానికి లోపలికెళ్ళింది.
తలుపింకా తెరుచుకోలేదు.
నా మోచెయ్యి వదలకుండా
ఎవరి పెళ్ళని మళ్ళీ అడుగుతోంది.
మనవాళ్ళదే అన్నాను,
భోంచేసే వెళ్దాం.