నడిమి మోరి

లెక్కల నోట్‌బుక్కు నా దగ్గరనే ఉన్నది.
రెండు సంఘాలూ నమ్మిన ఒకే ఒక్క వస్తువు అది.
అట్ట మీద పసుపు మరక.
లోపల నూట నలభై రూపాయలు ఇంకా కలుస్తలేవు.

మోరికి ఇవతల శ్రీపురం కాలనీ సంక్షేమ సంఘం:
రబ్బరు ముద్ర, లెటర్‌హెడ్డు, రెండో ఆదివారం మీటింగు.
అవతల ఇటుకబట్టి బస్తీ కమిటీ:
ముద్ర లేదు,
ఖాజా హోటల్ ముంగటి రెండు బెంచీలే ఆఫీసు.
మేం అటు పారేసినం, వాళ్ళు ఇటు పారేసిండ్రు.
పదేండ్లు మా నడుమ నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు అవే:
కొబ్బరి చిప్పలు, థర్మకోలు, చిరిగిన పరుపు,
ఒకపారి కుట్టుమిషను కాలు.

నిరుడు పాలమూరుల కొట్టిన వాన
ఎవరిదే సంఘమని అడగలే.
రాత్రి రెండింటికి
మా హాల్ల సోఫా తేలింది,
వాళ్ళింట్ల బియ్యం డబ్బా తేలింది.
తెల్లారి రెండూ మోరి గట్టు మీదనే ఆరినయి,
పక్కపక్కన.

మొదటి మీటింగు బడి వరండాల.
కుర్చీలు వాళ్ళు తెచ్చిండ్రు, మైకు మేం తెచ్చినం.
మైకుతోనే లొల్లి షురువైంది.
ఫర్జానా బేగం లేచి వైరు పీకేసి
"ఇంత దగ్గర కూసోని అంత గట్టిగ ఎందుకు?" అన్నది.
మహిళా సంఘంల అప్పులు వసూలు చేసే మనిషి;
ఆమె మాట ఎగ్గొట్టినోడు లేడు.

రిటైర్డ్ ఏఈ విద్యాధర్ సారు
గ్రాఫు కాయితం మీద మోరిని గీసిండు,
అసలు మోరి కన్న శుభ్రంగ.
బాలకిష్టమ్మ చానాసేపు చూసింది.
భీవండి, సూరతు, పేరు యాదికి లేని ఇంకేదో డ్యాము...
ముప్పయ్యేండ్లు పరాయి మన్ను తట్టలకెత్తిన మనిషి.
"సారూ, గీడ నీళ్ళు ఎక్కాలె మరి, దిగుడెట్ల?" అన్నది.
సన్నటి పైపు నిండ నీళ్ళు పట్టి
ఒక కొస సారు చేతికిచ్చి
ఇంకో కొసతోని మోరి పొడుగూత నడిచింది.
పైపుల నీళ్ళకు మొహమాటం తెల్వదు.
సారు జేబులకెళ్ళి రబ్బరు తీసి
జానెడు ఏటవాలు చెరిపేసిండు.

పలుగు మొదటి దెబ్బకు కుర్మయ్య నవ్విండు:
"కూలి లేకుంట తవ్వుడు ఇదే మొదలు.
రైలెక్కకుంట తవ్వుడు కూడ."
మేం నవ్వనా వద్దా అని
చేతుల బొబ్బలు చూసుకున్నం.

బ్రిడ్జి అయిపోవస్తుంటే అసలు పంచాది:
పలక మీద ఎవరి పేరు పైన?
మూడు ఆదివారాలు పోయినయి.
మేం చందాల లెక్క చెప్పినం,
వాళ్ళు చెమట లెక్క చెప్పిండ్రు.
గ్రానైటు పలక కొననీకె తీసిపెట్టిన ఆరువేల ఐదువందలు
నా నోట్‌బుక్కుల కదలక మెదలక కూసున్నయి.
ఫర్జానా బేగమే అడిగింది మళ్ళ:
"మీ అమ్మలు పేరు పట్టుకొని దాటుతరా,
కడ్డీ పట్టుకొని దాటుతరా?"

కడ్డీ వచ్చింది, రెండు దిక్కులా, ఆకుపచ్చ రంగుతోని.
ఇప్పుడు జడ్చర్ల బస్సు దిగి ఆటో ఎక్కితే
"పేర్లేని బ్రిడ్జి కాడనా?" అని అడుగుతరు.

మోరి అద్దమైందని అనను.
నిన్న కూడ ఒక నల్ల కవరు తేలుతుండె.
మా సెక్రటరీ ఇటు చూసి అటు చూసి,
ఎవరూ చూస్తలేరని ఖాయం చేసుకొని
వంగి తీసిండు.
నేను చూసిన. చెప్పలే.

ఇగ నూట నలభై.
ఖాజాను అడిగితే చాయలంటడు, పద్నాలుగు.
ఎవరు తాగిండ్రంటే
"మోరి మీటింగోళ్ళు" అంటడు,
ఏ దిక్కోళ్ళో రాసుకోలేదంట.
ఆదివారంలోపల కట్టేయాలె ఆ ఉద్దెర.
ఆదివారం వీధిలైట్ల ముచ్చట ఉన్నది,
చాయలు ఇంకా ఎక్కువైతయి.