చేతిలో ఏముంది?

కుషాయిగూడలో మెట్లకింది గది.
గదికి సరిపోయేంత యంత్రం.
దాని వీపున ఆరు గూళ్లు:
ఒకటి గరుకుగా చెక్కే కట్టర్,
రెండు నున్నగా తీసేది,
మూడు గుండుమొన, నాలుగు సూదిమొన.
ఐదూ ఆరూ ఖాళీ,
డబ్బులొచ్చాక చూద్దాం.

స్పిండిల్‌కి పట్టుకోవడం పుట్టుకతోనే వచ్చు, స్ప్రింగుంది.
వదలడానికే గాలి కావాలి.
రాణిగంజ్‌లో కొన్న పాత కంప్రెసర్ మొదలెడితే
పైవాటాలో పసిది లేస్తుంది.
"తొమ్మిది దాకే" అంది వాళ్లమ్మ హైమావతి, నవ్వుతూనే.
అందుకని తొమ్మిదికి ముందే ట్యాంకు నింపుకుంటాను.
నిండు ట్యాంకుకి పదకొండు మార్పులు.
పన్నెండోసారి
పిసినారి పిడికిలిలా సగమే విచ్చుకుంటుంది.

చెక్కేవి తెలుగు అక్షరాలు,
బడిపిల్లలు కళ్లు మూసుకుని తడిమి చెప్పాల్సిన టేకు అక్షరాలు.
మన అక్షరం ఒక్క కట్టరుకి లొంగదు.
సున్నా వరకూ సరే.
'ఖ' పొట్టలో మలుపుకి గుండుమొన,
తలకట్టు కొసకి సూదిమొన.
అక్షరానికో మార్పు చొప్పున పోతే గాలి చాలదు గనక
ముందు అన్నిటికీ గరుకు, తర్వాత అన్నిటికీ నునుపు.
రాత్రి పదింటికి పలక మీద
ఏ అక్షరమూ ఇంకా అక్షరం కాదు.

మార్చే విధానం నేనే రాశాను:
పైకి లే. తిరగడం ఆపు. నిజంగా ఆగేదాకా ఆగు.
పాతదాని గూటికి వెళ్లు, దిగు, గాలి వదులు, లే.
కొత్తదాని మీదికి వెళ్లు, దిగు, గాలి మూసి పట్టు, లే.
పొడవు కొలుచుకో.
రాయడానికి ఒక సాయంత్రం పట్టింది.
నమ్మడానికి, ఇంకా పడుతోంది.

జులైలో ఒక వాన రాత్రి
మూడో నంబరు నోట్లో ఉండగా కరెంటు పోయింది.
వచ్చింది.
తెర మీద: చేతిలో ఉన్నది సున్నా.
నేనూ వంగి చూడలేదు.
నాలుగు తెమ్మన్నాను.
గుండుమొనని పట్టుకునే వెళ్లి
సూదిమొన నెత్తిన దిగింది.
ఆ చప్పుడు రాయలేను.
కంప్రెసర్ లేకుండానే పసిది లేచింది.

వంగిన గూడు సంచీలో వేసుకుని
బాలానగర్‌లో ఖుద్దూస్ భాయ్ దగ్గరికి పోయాను.
సుత్తితో రెండు దెబ్బలేసి, కన్ను మూసి వాటం చూసి అన్నాడు:
"మిషిన్ అబద్ధం జెప్పలేదమ్మా, మర్షిపోయింది గంతే.
మర్షిపోయినోణ్ణి అడిగితే ఏం జెప్తడు?
చేయి ముట్టి సూడాలె.
నలభై ఏండ్లాయె, పొద్దుగాల లేత్ కాడికి పోంగనె
ముందుగాల చక్కు తడుముత.
రాత్రి నేనే ఖాళీ జేసి పోయినా సరే."
డబ్బులు తీసుకోలేదు. చాయ్ నాతోనే తెప్పించాడు.

కోఠీ, గుజరాతీ గల్లీలో
నూటా ఇరవైకి ఒక చిన్న కాంతి సెన్సర్.
గూళ్ల పక్కన బిగించాను.
ఇప్పుడు ప్రతి మార్పుకీ ముందు స్పిండిల్ అక్కడికి వెళ్లి
డాక్టరుకి నాలుక చూపినట్టు నోరు చూపిస్తుంది.
వెలుగు తెగిందా, ఏదో ఉంది.
మతిలో సున్నా, నోట్లో ఏదో ఉంటే
ఎర్రదీపం, ఇక కదలదు.
'వదిలాను' అని ఫైల్లో రాసేది కూడా
వదిలాక కాదు,
వదిలినట్టు తెలిశాక.

ఈ రాత్రి మూడో పలక.
గుండుమొన దాని గూట్లో దిగింది.
నోరు చూపించింది. ఎర్రదీపం.
టార్చి వేసి చూశాను, ఈసారి వంగి:
నోట్లో ఏమీ లేదు.
సెన్సర్ కంటి మీద టేకు పొట్టు.
బొటనవేలితో తుడిచి
"ఖాళీయే" అన్నాను, మనిషికి చెప్పినట్టు.
ఆకుపచ్చ వెలిగింది.
సూదిమొన మీదికి వెళ్లి నిలబడింది,
పిడికిలి విప్పబోయి సగంలో ఆగింది.
గేజి ముల్లు చూశాను.
ఎక్కడో లెక్క తప్పాను, ఇది పన్నెండోది.

పైన హైమావతి జోల కూడా ఆగిపోయింది.
పలక నిండా తలకట్టు లేని హల్లులు,
గొంతు దాకా వచ్చి పలకనివి.
దీపం ఆర్పాను.
ఆర్పేముందు కాగితం మీద రాసి
స్పిండిల్‌కి అంటించాను:
చేతిలో ఏమీ లేదు.
పొద్దున నేనూ మర్చిపోతాను.