జేబులో మూడు పావులు

త్స్కల్తుబో శానిటోరియం, రెండో అంతస్తు.
ఒకప్పుడు కీళ్ళనొప్పులవాళ్ళు వచ్చి
నెల తిరిగేసరికి తేలికపడి వెళ్ళిన గదులు.
మేం వచ్చాం. వెళ్ళలేదు.

సుఖూమి నుంచి ఎతేరి టీచర్ కోటు జేబులో
మూడంటే మూడు పావులు దిగాయి:
ఇద్దరు రాజులు, ఒక తెల్ల బంటు.
మిగతా ఇరవైతొమ్మిదీ ఏమయ్యాయని ఎవరం అడగలేదు.
ఎవరూ ఎవర్నీ లెక్కలడగని ఏడాది అది.

నీళ్ళు పోయిన స్నానాల తొట్టి అడుగున
నలుపూ తెలుపూ పలకలు.
ఎనిమిదికి ఎనిమిది ఎంచి సుద్దతో గీత గీసింది.
"ఉన్నవాటితోనే నేర్చుకుందాం."
అందుకే గుర్రం ఎలా దూకుతుందో
నాకు పదకొండో ఏటిదాకా తెలీదు.
బంటు ఎలా బతుకుతుందో మాత్రం
నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

రాజు ముందు నడవాలి, బంటు వెనక రావాలి.
బంటును ముందుకు తోసి తాను దాక్కునే రాజు
చేతికొచ్చిన ఆటనూ జారవిడుస్తాడు.
ఇది విని వాచ్‌మన్ నోదారి
ఉల్లిపాయలు తరుగుతూ పెద్దగా నవ్వాడు,
తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.
ఉల్లిపాయే, అన్నాడు.

ఎదురెదురుగా ఇద్దరు రాజులు, మధ్య ఒక్క గడి.
"ఇప్పుడు ఎవరి వంతు?"
ఆమె అడిగేదల్లా అదొక్కటే.
కదలక తప్పనివాడే దారి వదలాలి;
ఒక్క అడుగు పక్కకి జరిగితే చాలు,
భుజం రాసుకుంటూ అవతలివాడు లోపలికొచ్చేస్తాడు.
నేనిక్కడే ఉంటాననే ఎత్తు
చదరంగంలో లేదు.

మిందియాకి ఎప్పుడూ నల్లరాజే కావాలి.
గెలిచే ఆశ లేని రాజు, ఓడకుండా ఉంటే చాలనుకునే రాజు.
"వెనక్కి తగ్గాల్సొస్తే నిటారుగా తగ్గరా, పక్కకి తూలకు.
బంటు చెక్ చెబుతూ ఏడో వరుసలోకొస్తే భయం లేదు, డ్రా.
చప్పుడు చేయకుండా వచ్చిందా,
అప్పుడు భయపడు."
రాత్రిళ్ళు మెట్లమీద అడుగులు వినబడితే
వాడు గట్టిగా నడిచేవాళ్ళని లెక్కచేసేవాడు కాదు.

అంచున నడిచే బంటుకి రాజు తోడున్నా ఫలితం లేదు,
మూలలో ఎవరైనా ముందే దూరి కూర్చుంటే.
మా మూలగది ఖతునా వాళ్ళలాగా:
ఎవరు తలుపు బాదినా బయటికి రారు.
ఆ పాఠం మాకు బోర్డు అక్కర్లేకుండానే అర్థమైంది.

ఎనిమిదో గడి చేరితే మంత్రి కావాలి. మంత్రేదీ?
టీచర్ కుట్టుపని ఆపి
వేలి తొడుగు తీసి బోర్లించేది.
ఇన్ని ఆటల్లోనూ మంత్రి లోపల
ఆమె వేలి వెచ్చదనం ఉండేది.

"బంటు వెనక్కి ఎందుకు నడవదు?"
ఎవరో చిన్నపిల్ల, పేరు గుర్తులేదు.
టీచర్ చెరిగిపోయిన గీతను
మళ్ళీ గీస్తూ ఉండిపోయింది.

పందొమ్మిదేళ్ళకి ఆమెకి ఫ్లాటు తాళం ఇచ్చారు.
కుండీలూ, కుర్చీ, కుట్టుమిషనూ మోశాం.
బంటును నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.
కిటికీ గట్టుమీద ఇద్దరు రాజులు, మధ్య
ఒక్క గడి పట్టేంత చోటు.

"బంటు లేదుగా టీచర్, ఇక ఎన్నేళ్ళాడినా డ్రానే."

"తెలుసు," అంది అద్దం తుడుస్తూ.
"వంతెవరిదో చెప్పు."